ఆ తేదీ ఎవరిది?

"మీ అన్నయ్యని కూర్చోమను" అన్నాడు ఆఫీసరు, పేపరు మీంచి తల ఎత్తకుండా.

ఆ అన్నయ్య ఎక్కడో పొరుగూళ్ళో లేడు. నాలుగడుగుల దూరంలో గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకి చెవుడూ లేదు.

"నిలబడ్డం నాకు అలవాటేనని చెప్పమ్మా మీ ఆయనకి. బట్టీ దగ్గర మాకెవరూ కుర్చీలు వెయ్యరు."

పంచదార టీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడింది.

"కాసేపాగి కూర్చుంటాడటండీ" అంది భర్తతో.

పంచదార ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు. ఇంట్లో ఎవరు ఎవరిని తిట్టినా, ఆ తిట్టు ఈమె నోట్లో పడి అవతలివాళ్ళకి చేరేసరికి దాదాపు పలకరింపులా తయారయ్యేది. పెళ్ళయ్యాక ఆ విద్యకి చేతినిండా పని దొరికింది. పెళ్ళిలోనే బావా బావమరుదుల మధ్య ఏదో మాట పట్టింపు వచ్చింది. అదేమిటో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. నేరుగా మాట్లాడుకోకూడదన్నది మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది. అన్నయ్య గాజు సీసాల ఫ్యాక్టరీలో బట్టీ మేస్త్రీ. భర్త, ఆ ఫ్యాక్టరీని ఆదుకుంటానని వచ్చిన సర్కారు తన తరఫున కూర్చోబెట్టిన డైరెక్టరు. అంటే ఒకే గోడకి ఇటూ అటూ పని చేసే మనుషులు, గోడ మీదుగా కేకేస్తే వినపడే మాటని ఇన్నేళ్ళుగా ఈవిడ చేత మోయించారు.

ఈ పొద్దున మోయవలసిన మాట మామూలుది కాదు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీన్లో శాసనసభ కమిటీ విచారణ.

"వాళ్ళు అడిగేదేమిటంటే" అన్నాడు ఆఫీసరు, కిటికీతో మాట్లాడుతున్నట్టు. "కొత్త బట్టీ ఏడాది తిరక్కుండా ఎందుకు కూలింది, అని. వేడి పెంచింది ఎవరు, అని. అది బట్టీ మేస్త్రీ పని అని నేను చెప్పక తప్పదు. అంచనా తప్పిందని మీ అన్నయ్య ఒక్క మాట అనేస్తే గొడవ వదిలిపోతుంది. ఉద్యోగం పోకుండా నేను చూసుకుంటాను."

"ఆయన నీ ఉద్యోగం గురించే ఆలోచిస్తున్నారు అన్నయ్యా."

మేస్త్రీ నవ్వాడు. వినడానికి హాయిగా ఉండే నవ్వు కాదు.

"తప్పు పనివాళ్ళదని రాసుకున్నారంటే సర్కారు చేతులు దులుపుకుంటుంది. ఆదుకునేటప్పుడు రాసుకున్న ఒప్పందంలో అలాగే ఉంది. బట్టీ మళ్ళీ కట్టరు. ఫ్యాక్టరీని పాత ఇనుము కింద అమ్మేస్తారు. ఆ తర్వాత నా ఉద్యోగం ఎక్కడ చెయ్యాలి, మీ ఆయన ఒళ్ళో కూర్చునా? అడుగు."

"ఫ్యాక్టరీ ఉంటేనే కదా ఉద్యోగం అంటున్నాడండీ."

"నేను వద్దన్నాను" అన్నాడు మేస్త్రీ. ఈసారి గొంతు పెరిగింది. "కొత్త ఇటుక వేడికి పెరుగుతుంది. మెల్లిగా పెరగనిస్తే సర్దుకుంటుంది, తొందరపెడితే పగులుతుంది. మంత్రిగారొచ్చి వెలిగించే తేదీకి అందించాలంటే బట్టీ పైకప్పు కమాను నిలవదని చెప్పాను. తేదీ వెనక్కి జరపమన్నాను. చెప్పానా, లేదా?"

ఆఫీసరు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాతో ఎవరూ వద్దనలేదు. ఎక్కడ ప్రమాణం చెయ్యమంటే అక్కడ చేస్తాను."

ఇద్దరూ ఆ మాటలు గోడలకే చెప్పారు. తర్వాత, ఒకరినొకరు చూసుకోకుండానే, ఇద్దరూ పంచదార వైపు తిరిగారు.

టీ మీద మీగడ కట్టింది. పక్కింట్లో ఎవరో బకెట్టు లాగుతున్న చప్పుడు ఈ ఇంట్లోకి స్పష్టంగా వినపడింది.

"నువ్వేం చెప్పావమ్మా?" అడిగాడు అన్నయ్య.

పళ్ళెం కింద పెట్టింది. ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. అన్నయ్య పని బట్టలతోనే వెనక మెట్ల దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "కుదరదు. కమాను పగులుతుంది. మనుషుల మీద పడుతుంది. ఈ మాట ఇలాగే చెప్పు" అన్నాడు. లోపల భర్త ఫోను చెవికి ఆనించుకుని, చిరాగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాడు. వారం రోజులుగా ఆయనకి తిండి లేదు, నిద్ర లేదు. ఆ మొహం చూసి 'ఇలాగే' చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"అన్నయ్య కొంచెం భయపడుతున్నాడండీ అన్నాను" అంది ఇప్పుడు. "జాగ్రత్తగా చేస్తానంటున్నాడు అని కూడా అన్నాను."

"కొంచెం భయపడుతున్నాడు" అన్నాడు మేస్త్రీ. ఆ మాట నోట్లో ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు ఇంకోసారి అన్నాడు. "మరి నాకు? ఆయన ఏమంటే నాకేం చెప్పావు?"

"తేదీ తేదీయే, మీ అన్నయ్యని చెప్పింది చెయ్యమను అన్నారు. నీ మీద నమ్మకంతో ఉన్నారు, కొంచెం చూసి చెయ్యి అన్నయ్యా, అని నీకు చెప్పాను."

మేస్త్రీ మొహం గుమ్మం వైపు తిప్పుకున్నాడు. అరిచి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది.

ఆఫీసరు మొహం మాత్రం వింతగా తేటపడింది. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు.

"అయితే ఇందులో ఎవరి తప్పూ లేదు. మీ అన్నయ్య చెప్పాడు, నిజమే. నాకు చేరలేదు, అదీ నిజమే. మధ్యలో మాట జారింది. ఇద్దరం అదే చెబుదాం. పాము చావదు, కర్ర విరగదు."

"మరి నేనో?" అంది పంచదార.

"నీకేమవుతుంది? నీకేమన్నా ఉద్యోగమా పాడా, ఊడదీయడానికి? ఇంట్లో ఆడవాళ్ళ మీద కమిటీలు చర్యలు తీసుకోవు. నలుగురూ ఒక పూట అనుకుంటారు, మర్చిపోతారు."

అన్నయ్య ఒప్పుకోడనుకుంది. ఆ నమ్మకంతోనే ఆయన వైపు చూసింది.

"నా మనుషుల మీదికి రాదు కదా, అడుగు" అన్నాడు మేస్త్రీ, కాళ్ళ దగ్గర నేల చూస్తూ.

"రాదు" అన్నాడు ఆఫీసరు.

"బట్టీ సంగతి?"

"పనివాళ్ళ తప్పు కాదని తేలితే సర్కారు ఆలోచిస్తుందని చెప్పు."

"ఆలోచిస్తుందట" అంది పంచదార. జీవితంలో మొదటిసారి ఒక మాటని ఏమీ కలపకుండా అందించింది. కలపడానికి అందులో ఏమీ లేదు కూడా. సర్కారు ఆలోచించడమంటే ఏమిటో ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మేస్త్రీ నిలబడే చల్లారిన టీ తాగాడు. కప్పు గుమ్మం పక్కన నేల మీద పెట్టాడు.

"నిజమే కదమ్మా, నువ్వు చెప్పబోయేది" అన్నాడు. "నిజం చెప్పడానికి భయమెందుకు?"

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఒకరి నీడ ఒకరికి పడని ఇద్దరు మగవాళ్ళు ఆ పొద్దున ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాట ఆమె నెత్తి మీద పెట్టారు.

* * *

ఆఫీసరు విచారణకి వేసుకోబోయే చొక్కా తనే ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చెయ్యని పని. ఇంత మర్యాద తన ఒంటికి పట్టడం లేదనుకుంది పంచదార, గుమ్మంలో నిలబడి.

"నువ్వు ఎక్కువ మాట్లాడక్కర్లేదు" అన్నాడు. "అడిగినదానికి అవునూ కాదూ అంటే చాలు. నేను పక్కనే ఉంటాను."

"ఒక మాట అడగనా?"

"అడుగు."

"ఆ రోజు నేను అన్నయ్య చెప్పింది చెప్పినట్టు చెప్పి ఉంటే, మీరు ఆపేవారా?"

"అదిప్పుడెందుకు?"

"నాకు కావాలి. ఆ కమాను కూలిన రోజు నుంచీ అది నా మూలంగానే కూలిందనుకుంటూ తింటున్నాను, నా మూలంగానే అనుకుంటూ పడుకుంటున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. అందుకని అడుగుతున్నాను."

ఆయన చొక్కా చెయ్యి తిప్పి వేసి, ముడత మీద ఇస్త్రీపెట్టె అదిమాడు.

"ఎందుకంత బాధపడతావు? నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఇటుకలు అమ్మిన కంపెనీ ఇంజనీరు నా మొహం మీదే చెప్పాడు, ఇంత తొందరగా వేడి చేస్తే పూచీ లేదని. అతను చెబితేనే ఆగలేదు, మీ అన్నయ్య చెబితే ఆగుతుందా?"

ఓదార్చాలనే అన్నాడు. అన్నాక అర్థమైంది, ఏమన్నాడో. ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టాడు.

 పంచదారకి ముందు ఒళ్ళు తేలికైంది. ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువు తనది కాదు. ఆ వెంటనే, అది తనది కాదని తెలిసిన మనిషే, ఇన్నాళ్ళూ తనతో కలిసి అన్నం తిని, ఈ పొద్దున దాన్ని తన నెత్తికెత్తాడన్న సంగతి తెలిసొచ్చింది. ఒంటికి ఆవిరి తగిలినట్టు కోపం వచ్చింది.

"అంటే మీకు ముందే తెలుసు."

"తెలిసినంత మాత్రాన? తేదీ నేను పెట్టానా?"

"ఎవరు పెట్టారు?"

"పైనుంచి వచ్చింది."

"పైనుంచి రావడానికి అదేమన్నా వానా? ఎవరో ఒక మనిషి నోటితో అని ఉంటారు కదా."

"నీకు అర్థం కాదు. అప్పటికే అందరినీ పిలిచేశారు. మంత్రిగారు వచ్చి బట్టీ వెలిగించే ఫోటో పేపర్లో రావాలి. ఎన్నికలు నెత్తి మీదున్నాయి. తేదీ జరపమని అడిగాను. అడగలేదనుకోకు. కుదరదన్నారు."

"ఎవరన్నారు?"

ఆయన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకాడు. 

"మీరు ఆ పేరు చెబితే ఏమవుతుంది?"

"నేను ఉండను" అన్నాడు. "ఏ మూలకో విసిరేస్తారు. లేకపోతే ఇంట్లో కూర్చోబెడతారు. నీకూ నాకూ తిండి పెట్టేది ఆ ఫ్యాక్టరీ కాదు, సర్కారు."

"అందుకని నేను చెప్పాలి, నా వల్లే కూలిందని."

"నీ వల్ల అని ఎవరన్నారు? మాట జారిందని. అంతే."

"జారలేదండీ" అంది పంచదార. "నేను ఏ మాటా జారవిడిచిన దాన్ని కాదు. అన్నీ పట్టుకుని, తుడిచి, చేతికిచ్చాను. అదే నా తప్పు."

ఆయన చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పి పై కన్నంలోకి వెళ్ళింది. మామూలు రోజైతే ఆమె వెళ్ళి సరిచేసేది. ఇవాళ చూస్తూ నిలబడింది. ఆయనే అద్దంలో చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

* * *

ఫ్యాక్టరీ గేటు పక్కన ఇంకా ఆ బోర్డు ఉంది. 'ప్రభుత్వం ఆదుకున్న పరిశ్రమ' అని పెద్ద అక్షరాలు, పక్కన మంత్రిగారి నవ్వు. ఎండకి అక్షరాలు వెలిశాయి గానీ నవ్వు అలాగే ఉంది. వెనక చిమ్నీలో పొగ లేదు. గాజు బట్టీ ఒకసారి చల్లబడితే లోపలి గాజు బండలా గడ్డకడుతుందని, దాన్ని పగలగొట్టి తియ్యడం తప్ప దారి లేదని అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు.

వదిన గేటు దగ్గరే ఉంది. ఆవిడది సీసాలు వెలుతురులో పెట్టి పగుళ్ళు చూసే పని. ఆ అలవాటు మనుషుల మీద కూడా చూపిస్తుంది.

"రావమ్మా" అంది. "మీ అన్నయ్య ఇంటికొచ్చి చెప్పాడు, అంతా చెల్లెలు చూసుకుంటుందిలే అని. వినడానికి నాకే సిగ్గేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇద్దరూ కలిశారంటే అందులో ఒక ఆడదాని మెడ ఇరుక్కుని ఉంటుందని నాకు అప్పుడే తెలుసు."

"అన్నయ్య ఎక్కడ వదినా?"

"అదిగో, ఆ గోడ పక్కన. పొద్దుట్నించీ అన్నం ముట్టలేదు. ఆ సర్కారు అల్లుడి మాట నమ్మి వచ్చాడు గదా, అరగడం లేదు కాబోలు."

సర్కారు అల్లుడన్నది వదిన తన ఆడపడుచు మొగుడికి పెట్టిన పేరు. ఆడపడుచు ఎదుట కూడా దాచదు.

మేస్త్రీ పనివాళ్ళకి కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు. పంచదార దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యా, నీకొక మాట చెప్పాలి. ఆయన పొద్దున నాతో..."

"వద్దమ్మా."

"విను ముందు."

"వద్దన్నానా? ఇంకెప్పుడూ నా దగ్గరికి ఎవరి మాటా మోసుకురాకు. మీ ఆయనదీ తేకు, ఇంకెవరిదీ తేకు. నువ్వు తెచ్చిన మాట నమ్మి నేను ఆ బట్టీ కింద మనుషుల్ని నిలబెట్టాను. ఆ రోజు షిఫ్టు మారే టైము కాబట్టి ఎవరూ చావలేదు."

ఆయన అరవలేదు. పక్కవాళ్ళకి వినపడకుండానే అన్నాడు. కానీ అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. కల్తీ లేని మాట తెచ్చిన ఒకే ఒక్క రోజున పుచ్చుకునేవాళ్ళు లేరు. పంచదారకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆయన మీదా, ఈయన మీదా, అందరికన్నా ఎక్కువగా తన మీదా.

"ఏమిటి, ఏదో చెప్పబోయావు?" అంది వదిన, వెనక నుంచి.

వదినకి చెబితే క్యాంటీన్ తలుపు తెరిచేలోపల గేటంతటికీ తెలిసిపోతుంది. మొగుడి పేరు గేటు దగ్గర నలుగురి నోళ్ళలో నానుతుంది.

"ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే మొహం అలా ఉండదు" అంది వదిన. కానీ మళ్ళీ అడగలేదు.

* * *

క్యాంటీన్లో భోజనం బల్లలు కలిపి, పైన దుప్పటి పరిచి కమిటీని కూర్చోబెట్టారు. గాజు సీసాల ఫ్యాక్టరీలో అతిథులకి ప్లాస్టిక్ సీసాల్లో మంచినీళ్ళు పెట్టారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కమిటీ అధ్యక్షురాలు నడివయసు మనిషి. కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. ఆవిడకి కుడి పక్కన పరిశ్రమల శాఖ కార్యదర్శి, నిండుగా, ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. ముందు వరసలో ఆఫీసరు. పనివాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. వెనక బెంచీ మీద వదినా, పంచదారా.

ముందు మేస్త్రీని పిలిచారు.

"బట్టీ వేడి పెంచే పని మీదేనా?" అడిగింది అధ్యక్షురాలు.

"నాదేనండి."

"పెంచాల్సిన దానికన్నా తొందరగా పెంచారా?"

"పెంచానండి."

"అలా పెంచకూడదని మీకు తెలియదా?"

"తెలుసండి. తెలుసు కాబట్టే వద్దన్నాను."

"ఎవరితో అన్నారు?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"మా చెల్లెలితో అండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని ఒకసారి పరికించి చూసింది. కూర్చోమంది. ఆఫీసరు లేచాడు.

"బట్టీ సిబ్బందిలో కొంత ఆందోళన ఉన్నట్టు నా దృష్టికి వచ్చింది" అన్నాడు. "అయితే అది అభ్యంతరమని గానీ, ప్రమాద హెచ్చరిక అని గానీ నాకు అందలేదు."

"మీకు ఎవరి ద్వారా అందింది?"

"మా ఆవిడ ద్వారా."

ఈసారి నవ్వు ఒక మూల నుంచి కాదు, హాలంతా వచ్చింది. పంచదార చేతులు ఒళ్ళో పెట్టుకుని బెంచీ అంచు చూస్తూ కూర్చుంది. వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అంటే, ప్రజల సొమ్ముతో ఇంత పెద్ద ఫ్యాక్టరీని ఆదుకున్నది మీ వంటింట్లోంచా?" అంది అధ్యక్షురాలు. ఆవిడ నవ్వలేదు.

అప్పుడు కార్యదర్శి నెమ్మదిగా ముందుకి వంగాడు.

"మేడమ్, విషయం తేలిపోయినట్టే. ఇది ఒక కుటుంబంలో జరిగిన పొరపాటు. మేస్త్రీ తన అభ్యంతరాన్ని పద్ధతి ప్రకారం ఆఫీసుకి తెలియజేయలేదు. ఇంట్లో వాళ్ళకి చెప్పాడు. కాబట్టి దీన్ని సిబ్బంది వైపు లోపం కింద రాసుకోవచ్చు. శాఖకి సంబంధం లేదు."

మేస్త్రీ తల చటుక్కున పైకి లేచింది. సిబ్బంది వైపు లోపం. అంటే ఒప్పందం ప్రకారం సర్కారు చేతులు కడుక్కుంది, బట్టీ పోయింది, ఫ్యాక్టరీ పోయింది. పొద్దున గుమ్మంలో విన్న 'రాదు' అనే మాటకి ఆయుష్షు ఇంతే. ఆయన ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు తన బూట్లు చూసుకుంటున్నాడు. ఇలా అవుతుందని ఆయనకీ తెలియదేమో. తెలిసినా తెలియకపోయినా ఆ బూట్లు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయి.

గోడల వెంబడి మనుషులు కదిలారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. తిలా పాపం తలా పిడికెడు అని పెద్దలు అంటారు గానీ, సర్కారు తన పిడికెడు కూడా తీసి వీళ్ళ దోసిట్లోనే పోసింది.

"ఆవిడ వచ్చారా?" అడిగింది అధ్యక్షురాలు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"లే" అంది వదిన, వీపు మీద చెయ్యి వేసి. "ఈ ఒక్కసారికీ కాస్త చేదుగా మాట్లాడు."

పంచదార ముందుకి నడిచి వెళ్ళింది. మైకు ఎత్తు ఎక్కువైంది. ఎవరూ దించలేదు. ఆమే దించుకుంది.

"మీ అన్నగారు చెప్పిన మాట మీరు మార్చారా?"

"మార్చానండి. కమాను పగులుతుంది, కుదరదు అన్నాడు. కొంచెం భయపడుతున్నాడని చెప్పాను."

"ఎందుకు?"

"అలవాటండి. ఉన్నదున్నట్టు చెబితే ఇంట్లో గొడవ అవుతుందని. మా ఇంట్లో ఇద్దరూ నాతోనే మాట్లాడతారు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోరు."

ఇప్పుడెవరూ నవ్వలేదు. కార్యదర్శి కలానికి మూత పెట్టాడు.

"ఇంకేముంది మేడమ్" అన్నాడు.

"ఇంకా ఉందండి" అంది పంచదార.

మైకు రెండు చేతులా పట్టుకుంది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

"నేను మార్చకుండా చెప్పినా తేదీ మారేది కాదండి. ఇటుకల కంపెనీ ఇంజనీరు అంతకు ముందే వచ్చి, తొందరపడితే కమాను నిలవదని మా ఆయనకి మొహం మీద చెప్పాడు. ఈ పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మా ఆయనే నాతో అన్నారు. తేదీ జరపమని ఆయన పైవాళ్ళని అడిగారట. కుదరదన్నారట."

 మేస్త్రీ చెల్లెలి వైపే చూస్తున్నాడు. గోడ పక్కన వినకుండా వెనక్కి పంపిన మాట ఇదేనని ఆయనకి తెలిసింది.

"మాటని మెత్తగా చేసింది నేనండి. దానికి నన్నేమన్నా పడతాను. కానీ బట్టీ వెలిగించే తేదీ నేను పెట్టలేదు. అన్నయ్య పెట్టలేదు. మా ఆయన కూడా పెట్టలేదు. ఫోటో దిగాల్సిన వాళ్ళు పెట్టారు. ఆ తేదీ ఎవరిదో, కుదరదన్నది ఎవరో నాకు తెలియదు. తెలిసిన మనిషి ఈ గదిలోనే ఉన్నారు. ఆయన్ని అడగండి."

వెళ్ళి కూర్చోలేదు. మైకు పక్కకి జరిగి అక్కడే నిలబడింది.  భర్త ఉద్యోగాన్ని తన నోటితోనే బల్ల మీద పెట్టింది. ఇవాళ్టి నుంచి ఆ ఇంట్లో ఎలా ఉండాలో ఆమెకి తెలియదు.

అధ్యక్షురాలు ఆఫీసరు వైపు తిరిగింది.

"ఎవరు కుదరదన్నారు?"

"మేడమ్, ఈ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదు" అన్నాడు కార్యదర్శి. ఆ గొంతులో ఇందాకటి నిదానం లేదు.

"పరిధి సంగతి నేను చూసుకుంటాను. మీరు ఆయన్ని చెప్పనివ్వండి."

ఆఫీసరు లేచాడు. కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి కళ్ళతోనే ఏదో అన్నాడు. అప్పుడు అలవాటు చొప్పున ఆఫీసరు చూపు భార్య దగ్గరికి వచ్చింది. కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఆ చూపు అక్కడికే వచ్చేది. ఆమె దాన్ని అందుకుని, మంచి మాటలు నాలుగు చుట్టి, అవతలికి చేరవేసేది. పంచదార ఆ చూపుని సూటిగా చూసింది. నోరు మాత్రం విప్పలేదు.

అంతలో పక్కన కుర్చీ కిర్రుమంది. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. చెల్లెలి వైపు తిరిగి 'మీ ఆయనకి చెప్పమ్మా' అంటాడనుకున్నారు తెలిసినవాళ్ళందరూ. వదిన కూడా అదే అనుకుని తల పట్టుకుంది.

మేస్త్రీ చెల్లెలి వైపు తిరగలేదు.

"బావగారూ" అన్నాడు ఆఫీసరుతో. "చెప్పండి."

పెళ్ళి తర్వాత ఆ పిలుపు ఆయన చెవిన పడడం అదే మొదలు. ఆఫీసరు తడబడ్డాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు. పెదాలు తడుపుకుని, కమిటీ వైపు కాకుండా, పక్కకి తిరిగి బావమరిది మొహంలోకి చూశాడు.

"బావగారూ" అన్నాడు. "మీరు కూర్చోండి."

మేస్త్రీ కూర్చోలేదు. ఆ పేరు వినడానికి నిలబడే ఉన్నాడు.